ఊట లేదు

కాలువకు నీళ్లు వదిలిన నాలుగో రోజున, కర్ణాటకలోని గోరేబాళలో వెంకటరత్నమ్మ ఇంటి సెల్లారు గోడ చెమర్చింది. ఆవిడ మేస్త్రీ అమరప్పకు ఫోన్ చేసి, "ఊట వచ్చింది, వెంటనే రావయ్యా" అంది.

మధ్యాహ్నానికల్లా అమరప్ప తలకు నూనె రాసుకుని, ఇస్త్రీ చొక్కాతో, ఉత్త చేతులతో దిగాడు.

"సామానేదయ్యా?"

"ఊటకు సామానెందుకక్కా? పొద్దుగాల నుంచి ఏం తినకుండ వచ్చిన."

కన్నడంలో ఊట అంటే భోజనమని ఆవిడకు అప్పుడు గుర్తొచ్చింది. నెలల తరబడి నవ్వని మనిషి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మాకు ఊటంటే నీళ్లు ఊరడమయ్యా!" అంటూనే పప్పూ చారూ వడ్డించి, తర్వాత కిందికి తీసుకెళ్లింది.

గోడ మీద, పగులు వెంబడి, నల్ల మార్కరుతో ఎనిమిది గీతలు. ఒక్కో గీత పక్కన 'ఊట' అన్న మాట, తేదీ. భర్త సూర్యప్రకాశ్ మాస్టారు ఏటా తడి కనబడిన రోజున రాసేవారు. నిరుడు రాసిందే ఆఖరు. దసరా నాటికి ఆయన పోయారు.

"ఇదివరకొచ్చిన ఇద్దరు మేస్త్రీలూ గోడంతా చెక్కాలన్నారు. పంపించేశాను. ఇక్కడి విత్తనాల బస్తాలు తడిసినా సరే, ఆ రాత పోకూడదు."

"చెక్కుడెందుకక్కా? పక్కల నుంచి వాలుగ బొక్కలు కొట్టి, పగుల్లకు మందెక్కిస్త. నీల్లు తగిల్తే మందు పొంగి సందంత నింపుతది. సూదేసినట్లే."

"నొప్పి తెలియకుండా వెయ్యి" అంది వెంకటరత్నమ్మ.

మర్నాడు అమరప్ప డ్రిల్లూ చేతి పంపూ తెచ్చాడు. రాత మీద ప్లాస్టిక్ కాగితం ఆవిడే అంటించింది. పంపు నొక్కుతుంటే పగులులోంచి ముందు నీళ్లు, వెనకే పచ్చటి నురుగు తన్నుకొచ్చాయి. కొంత నురుగు కాగితం కిందికీ దూరింది. గట్టిపడ్డాక దాన్ని గోకుతుంటే ఒకచోట సున్నం పెచ్చు లేచింది. అమరప్ప చెయ్యి ఆగిపోయింది.

"తప్పయిందక్కా."

ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చూసింది. నిరుటి 'ఊట'లో దీర్ఘం ఎగిరిపోయి 'ఉట' మిగిలింది. ఆ చోటును వేలితో తడిమింది.

"ఆయనుంటే అర మార్కు తీసేసేవారు" అంది.

"నాకా, గోడకా?"

"నీకే!"

కాలువ నిండుగా పారుతూనే ఉంది. మూడు రోజులైనా గోడ పొడిగానే ఉంది. నాలుగో రోజు ఆవిడ అమరప్పను పిలిచింది, ఈసారి గారెలతో కన్నడ ఊటకే. విస్తరి వేసే ముందు మార్కరు తీసుకుని సెల్లారులోకి దిగింది. ఎగిరిపోయిన దీర్ఘాన్ని తన చేత్తో పెట్టింది. దాని కింద కొత్త తేదీ వేసి, మాస్టారు క్లాసులో పలికినట్టే, రాస్తూ పైకి చదివింది:

"ఊట... లేదు."

మెట్ల మీద నుంచి అమరప్ప కేక వినిపించింది.

"అదేందక్కా! పిల్సి ఊట లేదంటరేంది?"