రెండో తుమ్ము

ఆ ఎండాకాలం సిద్దమ్మ పెరడు విరగకాసింది. మిద్దె మీద కాలు పెట్టే చోటు లేదు. ఒక పక్క ఉప్పు పట్టించిన మామిడి ముక్కలు, ఒక పక్క వంకాయ ఒరుగులు, మధ్యలో ఎర్రగా మిరపకాయలు. అయినా ఆమె మనసు మిద్దె మీద లేదు. అటక మీద ఉంది.

అటక మీద తమ్ముడు కుళ్ళాయప్ప దాక్కున్నాడు. ముదిగుబ్బ దారిలో ఈశ్వరప్ప ఒక మనిషిని నరుకుతుంటే చూసింది అతనొక్కడే. మర్నాడు పెనుకొండ కోర్టులో ఆ మాట చెప్పాలి. బెయిలు మీద బయటికొచ్చిన ఈశ్వరప్ప అతని కోసం ఊళ్ళు గాలిస్తున్నాడు.

పొద్దున కుళ్ళాయప్ప కిందికి దిగి, వేడి సంగటి ముద్దను కొత్త మామిడికాయ కారంలో అద్దుకుని తిన్నాడు.

"అక్కా, ఇది తిన్నాక చచ్చినా పర్వాలేదు. ఇంగో ముద్ద పెట్టు."

"నీ నోట్లో మన్నుబడ! తిని పైకెక్కు."

మిరపకాయలు దంచడం మానితే ఏమైందోనని పక్కింటి పార్వతమ్మ వచ్చి కూర్చుంటుంది. అందుకే మధ్యాహ్నం సిద్దమ్మ ఎప్పటిలాగే అటక కింది గదిలో తలుపు మూసి దంచుతోంది. ముక్కుకు కొంగు కట్టుకుంది. పైన తమ్ముడు తడి తువ్వాలు ముక్కుకు అదుముకుని పడుకున్నాడు.

తలుపు మీద కాలితో తన్నారు. గడియ ఊడి పడింది.

ఈశ్వరప్ప, వెనకే అతని మనిషి హనుమంతు. ఇద్దరి చేతుల్లోనూ వేటకొడవళ్ళు.

"యాడ ఉండాడే నీ తమ్ముడు?"

"నాకేం తెలుసప్పా? హిందూపురం పోతానన్యాడు."

ఈశ్వరప్ప ఆమె చెంప పగలగొట్టాడు. పెదవి చిట్లి నెత్తురు గడ్డం మీదికి కారింది. సిద్దమ్మ ఏడవలేదు. రోకలి ఎత్తి మళ్ళీ దంచింది. చప్పుడు ఆగితే తమ్ముడి ఊపిరి వినబడుతుంది. దంచేకొద్దీ ఘాటు పైకి లేస్తోంది.

హనుమంతు వంటిల్లు తిరగేశాడు. మామిడికాయ జాడీ నేలకేసి కొట్టాడు. "ఈడ లేడన్నా. అటకొకటి మిగిలుండాది."

ఈశ్వరప్ప నిచ్చెన మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు. తుమ్మాడు. ఒక్కటే తుమ్ము.

కాలు వెనక్కి తీసుకున్నాడు.

"ఘాటుకొచ్చిన తుమ్మన్నా అది. దానికీ శకునమా?" అని హనుమంతు నవ్వాడు.

"నోర్ముయ్. మా నాయన ఒంటితుమ్మును ఎగతాళి చేసి పోయినాడు. మంచం మీద మోసుకొచ్చినారు." ఈశ్వరప్ప కొడవలి పక్కన పెట్టి, కాళ్ళు చాపి నేల మీద కూర్చున్నాడు. "రొంత సేపు కూసుని ఎక్కుతా. ఏమ్మే, దంచడం ఆపు. చెవులు పోతాండాయి."

సిద్దమ్మ ఆపింది. రోకలి మాత్రం వదల్లేదు. గదిలో ఈగ కూడా వినబడేంత నిశ్శబ్దం. ఎర్రటి దుమ్ము మెల్లగా అటక వైపు పోతోంది.

తుమ్ము వినబడింది.

"రెండోది గూడా వచ్చె! శుభం, పదన్నా!" అన్నాడు హనుమంతు. అని ఆగాడు. తుమ్మింది ఈశ్వరప్ప కాదు.

ముగ్గురూ పైకి చూశారు. ముందు తల దించింది సిద్దమ్మే.

ఈశ్వరప్ప లేవబోతుండగా రోకలి ఇనుప పొన్ను అతని మోకాలి మీద దిగింది. ఎండు కట్టె విరిగినట్టు చప్పుడు. అతని అరుపుకి మిద్దె మీది కాకులు లేచిపోయాయి. హనుమంతు కొడవలి ఝళిపించాడు. అది ఆమె ముంజేతిని చీల్చింది. రెండోసారి ఎత్తేలోపు కుళ్ళాయప్ప అటక మీది నుంచి అతని మెడ మీదికి దూకాడు. ఇద్దరూ కారంలో దొర్లారు. హనుమంతు తల రోటి అంచుకు రెండుసార్లు కొట్టుకుంది. తర్వాత కదల్లేదు, మూలుగు మాత్రం మిగిలింది.

కుళ్ళాయప్ప ఈశ్వరప్ప కొడవలి అందుకున్నాడు. కళ్ళు నిప్పుల్లా ఉన్నాయి. "జరుగక్కా. ఈడు బతికితే మళ్ళా వస్తాడు."

సిద్దమ్మ జరగలేదు. ముంజేతి నెత్తురు వేళ్ళ మీదుగా రోకలి పొడుగునా కారుతోంది.

"నరుకు. నరికినాక రేపు కోర్టులో నువ్వు సాక్షివి గాదు, ముద్దాయివి. ఈడు సంపినోడి పెండ్లానికి నువ్వేం సెప్తావురా?"

"అక్కా, అడ్డం తప్పుకో!"

"ఇంగొక్క అడుగెయ్యి. నీ మోకాలు గూడా ఇరగ్గొడతా. నిన్ను మోసుకొనైనా కోర్టుకు తీస్కపోతా."

ఆమె ఉత్తుత్తిగా అనడం లేదని కుళ్ళాయప్పకు తెలుసు. కొడవలి కింద పారేశాడు.

అరుపులకు ఊరు వాకిట్లో చేరింది. పోలీసులకు అప్పజెప్పాలని ఇద్దరినీ మోకులతో కట్టి బండిలో వేశారు. పార్వతమ్మ గుడ్డ చింపి సిద్దమ్మ చేతికి కట్టుకట్టింది.

"వాన మబ్బు కనబడితే మిద్దె మీదివి ఎత్తిపెట్టు పార్వతక్కా. వంకాయలు బూజు పడితే సంవత్సరం కూరుండదు," అని చెప్పి సిద్దమ్మ బండెక్కింది.

పెనుకొండ దారంతా గుంతలు. ప్రతి కుదుపుకూ ఈశ్వరప్ప కేక పెట్టాడు. నిదానంగా తోలమని బతిమాలాడు.

"ఏమక్కా, నిదానంగా తోలమంటాండాడు," అన్నాడు కుళ్ళాయప్ప.

"తొందరగా పోనీ," అంది సిద్దమ్మ.