టేపు మందం

మా అక్క నన్ను పేరుపెట్టి పిలవడం ఎప్పుడో మానేసింది. "తూకం" అంటుంది. పాతికేళ్లుగా పైపులు, కుళాయిల షాపు నడుపుతున్నవాణ్ణి. పెట్టేదెంత, వచ్చేదెంత అని చూసుకోకుండా దేన్లోనూ చెయ్యి పెట్టను. అలాంటివాణ్ణి అక్క కోసం ఇంట్లోనే గోల్ఫ్ కర్ర తయారుచెయ్యడానికి కూర్చున్నాను.

లెక్క తేలికే. అక్క స్కూల్లో ఆటల టీచరుగా చేసి రిటైరైంది. నిరుడు మణికట్టు విరిగాక, బరువైన తన గోల్ఫ్ కర్రల సంచీని అటకెక్కించి సోఫాకి అతుక్కుపోయింది. ఆడుకోవచ్చని డాక్టరు చెప్పినా వినదు. తేలికపాటి కర్ర చేతిలో పెడితే లేస్తుందని నా అంచనా. ఆదివారం వచ్చి చూస్తానంది. "నచ్చకపోతే మాత్రం ఇక ఆ ఊసెత్తకూడదు" అని ముందే నా దగ్గర మాట తీసుకుంది.

కర్ర కడ్డీ, బంతిని కొట్టే ఇనుప తలలోకి దిగే చోట నల్లటి ప్లాస్టిక్ ఉంగరం ఒకటి వేస్తారు. అది కావాలనే కాస్త లావుగా వస్తుంది. జిగురు ఆరాక దాన్ని అరగదీసి ఇనుముతో సమం చెయ్యాలి. శనివారం మధ్యాహ్నం బాల్కనీలో ఆ పని పట్టాను. ఇనుము మీద గీత పడితే పోదు కాబట్టి ముందుజాగ్రత్తగా రెండు చుట్లు టేపు వేశాను. ఎమరీ పేపరుని పట్టీలా చింపి, బూట్లకి పాలిష్ పట్టేవాళ్లు గుడ్డ లాగినట్టు ఇటూ అటూ లాగాను. ప్లాస్టిక్ సరిగ్గా టేపుతో సమంగా దిగింది. టేపు ఊడదీసి, మా ఆవిడ గోళ్ల రంగు తుడుచుకునే మందుతో ఒక్కసారి తుడిస్తే ఉంగరం నల్లద్రాక్షలా మెరిసింది.

"చూశావా పనితనం?" అన్నాను.

మా ఆవిడ బట్టలు కుడుతుంది. ఏ కుట్టునైనా వేలితో తడిమితే తప్ప నమ్మదు. బొటనవేలి గోరు కడ్డీ మీద పెట్టి కిందికి జార్చింది. టక్కుమంది.

"తగులుతోంది."

"ఎక్కడ? వెంట్రుకంత కూడా లేదు."

"రెండు చుట్ల టేపంత ఉంది."

నేనూ గోరు పెట్టి చూశాను. ఇనుముకి నేను కాపలా పెట్టిన టేపే తన మందాన్ని మెట్టులా మిగిల్చిపోయింది.

"ఇంతమాత్రం ఎవరు చూస్తారే? పైపు జాయింటు ఎలా ఉన్నా, పైన సిమెంటు పడితే కనబడుతుందా?"

"వదిన గోడ కాదుగా! రాకెట్టయినా బ్యాటయినా ముందు గోరు పెట్టి చూసే మనిషి. తమ్ముడు ఏదో చేసి పడేశాడనుకుంటే ఇది కూడా అటకెక్కుతుంది."

రెండు వైపులా తూచి చూశాను. టేపు లేకుండా రుద్దితే, చెయ్యి జారితే పోయేది తల. వదిలేస్తే పోయేది అక్క ఆట.

"కదలకుండా పట్టుకో" అన్నాను.

తను కడ్డీని ఒళ్లో పెట్టుకుని మెల్లగా తిప్పింది. నేను అన్నిటికంటే నున్నటి పేపరు తడిపి, వేలెడంత ముక్కతో ప్లాస్టిక్‌ని మాత్రమే రుద్దాను. గంట పట్టింది.

"షాపులో ఎప్పుడైనా ఒక్క కుళాయి దగ్గర ఇంతసేపు కూర్చున్నారా?"

"కూర్చునుంటే ఈపాటికి షాపు మూసుకునేవాణ్ణి."

తను నవ్వేసరికి ఒళ్లో కడ్డీ ఊగింది. నా చెయ్యి జారింది. ఇనుము మీద చీమ కాలంత గీత పడింది.

మర్నాడు అక్క వచ్చీ రాగానే కర్ర అందుకుంది. అనుకున్నట్టే గోరు పెట్టింది. అది కడ్డీ మీంచి ఉంగరం మీదికి, ఉంగరం మీంచి ఇనుము మీదికి చప్పుడు లేకుండా జారింది. మళ్లీ జార్చింది. కళ్లజోడు సవరించుకుంది.

"ఈ గీతేంట్రా?"

"నీ మరదలు నవ్వింది."

"నవ్వింది నేనే, చెయ్యి జారింది మాత్రం ఈయనది" అంది మా ఆవిడ.

అక్క కర్రని ఒకసారి గాల్లో ఊపింది. మణికట్టు వైపు చూసుకుంది. ఇంకోసారి ఊపింది. ఫోను తీసి మా బావకి చేసింది.

"ఏవండీ, అటక మీంచి నా సంచీ దింపండి. పాత కర్రలు తీసేసి, దుమ్ము కూడా దులపండి." నా వైపు తిరిగింది. "ఒరేయ్ తూకం, ఒక్క కర్రతో ఆడేదేంట్రా? మిగతావెప్పుడు?"

కనీసం ఇంకో ఆరు కావాలి. అంటే ఆరు శనివారాలు. టేపు మాత్రం ఒక్క చుట్టు కూడా అక్కర్లేదు.