డాక్టరమ్మకు అంటగట్టిన రోగం

"ముద్దు సీనొస్తే చీరల బొమ్మ వెయ్యి. మర్చిపోవద్దు." పెళ్లయిన కొత్తలోనే మా ఆయన జ్ఞానేశ్వర్ నాకు నేర్పిన పని ఇది. కోయిలకుంట్లలో మాది కేబుల్ టీవీ. మెట్ల కింద గదిలో రిసీవర్లు, వాటి ముందు నేను. ఏ చానల్లోనైనా ఆడామగా మరీ దగ్గరైతే స్విచ్ తిప్పాలి. అప్పుడు ఊళ్లో టీవీలన్నిట్లో మా మామగారి బట్టలకొట్టు ప్రకటన పడుతుంది. కరివేపాకు దూస్తూ, పప్పు మాడకుండా ఒక చెవి వంటింట్లో పడేసి ఈ కాపలా కాయాలి. "యాడికి పోతాదిలే, ఇంట్లోనే ఉంటాది గదా" అంటుంది అత్త ప్రమీలమ్మ. ఫోనెత్తితే నా గొంతు విని "ఓనరు లేడా?" అంటారు.

ఈ చాకిరీలో నాకు దక్కిన ఒక్క సుఖం మధ్యాహ్నం వచ్చే ఇంగ్లీషు సీరియల్. నక్షత్రాల మధ్య తిరిగే ఓడ, అందులో ఒక డాక్టరమ్మ. మొదట ఒక ఇంజనీరును ప్రేమించింది. అతను వేరే ఓడకు వెళ్లిపోయాక, ఇంకో గ్రహం నుంచి వచ్చిన నావికురాలి మీద మనసుపడింది. "మరి అతనితో ఉన్నది అబద్ధమా?" అని తోటివాళ్లు వెక్కిరిస్తే, "అదీ నిజమే, ఇదీ నిజమే" అంది. నాకు ఏడుపొచ్చింది. కర్నూలు హాస్టల్లో నా జడ అల్లుతూ పద్మప్రియ చేతులు ఆగిపోయిన సాయంత్రం గుర్తొచ్చింది. అది ప్రేమేనని ఆ రోజే నాకు తెలుసు. పెళ్లయ్యాక ఈయన మీదా ప్రేమ పుట్టింది, వానలో డిష్ సరిచేసి దిగొచ్చి, తల తుడవమని నా ముందు వంగినప్పుడు. దాంతో మొదటిది చిన్నతనమేమో అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కాదని నాతో అన్న మొదటి మనిషి, నిజంగా లేని ఈ డాక్టరమ్మే.

డాక్టరమ్మా నావికురాలూ ముద్దు పెట్టుకున్నప్పుడు నేను స్విచ్ ముట్టలేదు. ఊరంతా చూసింది. ఫోన్లు మోగాయి. బజారు నుంచి ఆయన పరుగెత్తుకొచ్చాడు.

"ఏమ్మే, నిద్రపోతాండావా?"

"మేలుకొనే ఉండా."

"ముందు మొగోనితో గదా తిరిగింది ఆయమ్మ? మనిషన్నాక ఎటో ఒక దిక్కుండాల."

తర్వాతి వారం స్విచ్ మీద చెయ్యేసుకుని ఆయనే నా పక్కన కూర్చున్నాడు. అత్త కూడా వచ్చి గడపలో కూర్చుంది. ఇంగ్లీషు నేనే తెలుగులో చెప్పాలి. ఆ వారం నావికురాలిని కాల్చి చంపేశారు. తర్వాత డాక్టరమ్మ నెత్తురులో ఏదో క్రిమి దొరికిందన్నారు, ఆ గ్రహపు క్రిమి, దానివల్లే ఆడదాన్ని ప్రేమించిందట. మందిచ్చారు. ఇంజనీరు తిరిగొచ్చాడు. ఆమె అతని భుజం మీద తల వాల్చి, అదంతా కలలా ఉందంది.

"పాపం, ఆ పిల్లను ఎందుకు చంపిరి?" అంది అత్త.

నాకు ఒళ్లు మండిపోయింది. వెలుగుకన్నా వేగంగా పోయే ఓడను ఊహించారే, ఒక ఆడది ఇద్దరినీ మనసారా ప్రేమించగలదన్నది మాత్రం వీళ్ల ఊహకు అందలేదు. మా వైపు దయ్యం పట్టిందంటారు, వీళ్లు క్రిమి పట్టిందన్నారు. వేపమండలతో కొట్టలేదు, సూది వేశారు, అంతే తేడా.

"చూసినావా, రోగమంట," అన్నాడు ఆయన. "నయమయిపాయలే పాపం."

ఆయన మంచివాడు. నిజంగానే ఆమె బాగుపడిందని సంతోషించాడు. అదే నేను భరించలేకపోయాను. చెబితే ఏం పోతుందో నాకు తెలుసు. ఈ ఇల్లు పోవచ్చు, నా ముందు వంగిన ఆ తడి తల పోవచ్చు. అత్త లేచి వంటింట్లోకి వెళ్లేదాకా ఆగాను.

"మన పెండ్లికొచ్చిన పద్మప్రియ మీకు తెలుసు గదా," అన్నాను. "ఆయమ్మిని నేను ప్రేమించినా. ఇప్పుడు మిమ్మల్ని ప్రేమిస్తాండా. రెండూ నిజమే."

ఆయన స్విచ్ మీద నుంచి చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఇన్నాళ్లు లేంది, ఇప్పుడెందుకు చెప్తాండావు?"

"రోగమంటిరి గదా, అందుకు," అన్నాను. "నాకు ఒంట్లో బాగనే ఉండాది."