వేపచెక్క గిటారు

మాచర్ల రైల్వే గేటు అవతల మౌలాలీ కొట్టు ముందు తలుపులూ కిటికీలూ ఆనించి ఉంటాయి గానీ, లోపల దండేనికి వేలాడేవి మాత్రం గిటార్లు. కరెంటు గిటార్లు. చర్చి కుర్రాళ్ళెవరో మెడ విరిగిన గిటారును అతుకు పెట్టమని తెచ్చినప్పుడు మౌలాలీ దాన్ని మొత్తం విప్పి చూశాడు. లోపల పెద్ద బ్రహ్మవిద్యేమీ కనిపించలేదు. చెక్క, కాసిని తీగలు, అయస్కాంతం. "ఇంతేనా" అన్నాడు. ఆ మాటతోనే ఆయన జీవితంలో సగం పనులు మొదలయ్యాయి, ఆ మాటతోనే సగం చెడ్డాయి.

ఇప్పుడు అటు గురజాల దాకా, ఇటు నకరికల్లు దాకా చర్చిల్లో ఆదివారం పూట మోగే గిటార్లలో ఆయన చేతివి చాలానే ఉన్నాయి. టేకుతో చేస్తే బరువు, గొంతు గంభీరం. పనస అయితే తేలిక, పలుకు మెత్తన. మామిడి చవకే గానీ పురుగు భయం. కరెంటుతో మోగేదానికి ఏ చెక్కయితే ఏమిటని ఎవరైనా అంటే ఆయనకు ఒళ్ళు మండేది. పలకను చెవి దగ్గర పెట్టుకుని వేలి కణుపుతో కొట్టి, "చెక్క అబద్ధం చెప్పదు, మనిషే చెప్తాడు" అనేవాడు. అన్నాక కొట్టులో ఉన్నవాళ్ళ మొహాలు ఓసారి చూసేవాడు, ఎంతమందికి ఎక్కిందోనని.

వేసవి మొదట్లో ఫిలోమినా ఆటోలో రెండు వేపపలకలు వేసుకుని వచ్చింది. ఆ పిల్ల ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. స్టేషను వెనక కాలనీలో ఉంటుంది, అక్కడి చర్చిలో గిటారు వాయిస్తుంది.

"మా నాన్న చెట్టు, బాబాయ్," అంది. "సిమెంటు రోడ్డేస్తా కొట్టేశారు. మిల్లులో పలకలు తీయించా. జూన్‌కి నాన్న పోయి ఏడాదవుద్ది. ఆ రోజు పెట్టే జ్ఞాపకార్థ కూడికలో దీంతో చేసిన గిటారే వాయించాలి."

వాళ్ళ నాన్న దేవసహాయం ఆ చెట్టు నాటిన సంగతీ, సాయంత్రాలు దాని కింద మంచం వేసుకుని పాటలు పాడిన సంగతీ మౌలాలీకి తెలుసు. పలక మీద చెయ్యేసి చూశాడు. అరచేతికి చల్లగా తగిలింది. పచ్చి చెక్క. నీడలో, గాలి ఆడేచోట, తక్కువలో తక్కువ ఏడాది ఆగాలి. వడ్రంగం నేర్చుకునే రోజుల్లో ఉస్తాదు మొట్టమొదట చెప్పిన ముక్క అది. 'ఏడాది ఆగమ్మా' అనే మాట నోటి దాకా వచ్చింది.

"గుంటూర్లో అడిగితే ఇది అయ్యే పని కాదన్నారు," అంది ఫిలోమినా.

అంతే. రావాల్సిన మాట లోపలే ఉండిపోయి, రాకూడని మాట బయటికొచ్చింది.

"వాళ్ళకి కాదు. మౌలాలీకి అవుద్ది," అన్నాడు.

ఆ పిల్ల మొహం వెలిగింది. ఆ వెలుగు చూసి మౌలాలీ ఇంకో రెండు గొప్పలు చెప్పుకుని పంపించాడు.

పల్నాడులో ఏదైనా ఎండాలంటే జనానికి తెలిసిన దారి ఒకటే. మిరపకాయలైనా, కందులైనా, వడియాలైనా ఎండలో పరిచెయ్యడమే. చెక్కకు ఆ లెక్క పనికిరాదని మౌలాలీకి తెలియక కాదు. కానీ జూన్ తరుముకొస్తోంది. పలకలు రెండూ మేడ మీదికి మోసుకెళ్ళి, భార్య ముంతాజ్ ఎండబెట్టిన మిరపకాయల పక్కనే, మే నెలలో కాలు పెడితే బొబ్బలెక్కే నాపరాళ్ళ మీద పరిచాడు. రోజూ కాయలను తిరగేసినట్టే వాటినీ తిరగేశాడు. సాటి వడ్రంగి ఎవడైనా చూస్తే పరువు పోతుందని పిట్టగోడ చాటుకు జరిపాడు.

ఒక మధ్యాహ్నం అన్నం తింటుంటే పైన టపాకాయ పేలినట్టు చప్పుడైంది. ఎంగిలి చేత్తోనే పరిగెత్తాడు. ఒక పలక ఈ కొస నుంచి ఆ కొస దాకా నెర్రె విచ్చింది. రెండోది దోనెలా వంగిపోయింది. వాటిలోంచి గిటారు కాదు గదా, గరిటె కూడా రాదు.

వెనకే వచ్చిన ముంతాజ్ చూసింది. "ఆ పిల్లకి చెప్పెయ్యి," అంది.

"ఏమని చెప్పను? నాపరాయి మీద పెట్టి వేయించానని చెప్పనా?"

"అదే చెప్పు. ఏడుస్తది, అంతేగా."

"ఏడిస్తే ఏడవనీ. నవ్వితేనో?"

ముంతాజ్ ఆయన్ని ఒక్క చూపు చూసి, మిరపకాయలు ఎత్తుకోవడానికి కూర్చుంది.

మర్నాడు మౌలాలీ కోతమిల్లుకు వెళ్ళి బాగా ఆరిన వేపపలక ఒకటి ఏరి తెచ్చాడు. వేపకి వేప. అదే రంగు, అదే వాసన. ఎవరు కనుక్కుంటారని తనకు తానే సర్ది చెప్పుకున్నాడు. తప్పు చేసిన చెయ్యి మామూలు చేతికన్నా శ్రద్ధగా పనిచేస్తుంది కాబోలు, ఆ గిటారును చిత్రిక పట్టినట్టు ఆయన దేన్నీ పట్టలేదు. మెడ అతికితే సందులో వెంట్రుక దూరలేదు. తీగలు బిగించి మీటితే గొంతు నిండుగా పలికింది. అంత బాగా కుదిరినందుకు ఆయనకు సంతోషం వెయ్యలేదు, భయం వేసింది.

గిటారు తీసుకుపోవడానికి వచ్చిన ఫిలోమినా దాన్ని రెండు చేతులా పట్టుకుని, చెక్కకు చెంప ఆనించింది. చున్నీతో కళ్ళు తుడుచుకుంది.

"మిగిలిన ముక్కలుంటే ఇయ్యి బాబాయ్. అమ్మ దాచుకుంటదంట."

"యాడున్నయ్యమ్మా, పొయ్యిలోకి పోయినయ్," అన్నాడు మౌలాలీ. పగిలిన పలకలు ఆయన వీపు వెనకే, గోనెసంచి కింద ఉన్నాయి.

కూడిక రోజున వాళ్ళ ఇంటి ముందు షామియానా వేశారు. మౌలాలీ రాకుండా తప్పించుకుందామనుకున్నాడు గానీ, ఫిలోమినా తనే బండి వేసుకొచ్చి తీసుకెళ్ళి ముందు వరసలో కూర్చోబెట్టింది. ప్రార్థన అయ్యాక పాస్టరుగారు, ఇంత నమ్మకంగా పనిచేసే మనిషి మన ఊళ్ళో ఉండటం మన అదృష్టం అన్నారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు మౌలాలీ ఊరికే చొక్కా సర్దుకున్నాడు. ఆ భుజాల మీదే శాలువా కప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఫిలోమినా వాయిస్తుంటే తల్లి రాహేలమ్మ పక్కన కుర్చీలో కూర్చుని, గిటారు అంచు మీద అరచెయ్యి ఆనించి ఉంచింది. చెక్క అదిరినప్పుడల్లా ఆమె వేళ్ళు కూడా అదిరాయి. "మా ఆయనే," అంది పక్కావిడతో, నవ్వుతూ. మౌలాలీకి నేల చీలితే బాగుండుననిపించింది. మంది లేచే సందట్లో జారుకుందామని చెప్పులు వెతుక్కుంటుంటే ఫిలోమినా వచ్చి చెయ్యి పట్టుకుంది.

"తినకుండా పోతావేంది బాబాయ్," అని విడిగా వేసిన బల్ల దగ్గరికి తీసుకెళ్ళింది. దాని మీద మూతపెట్టిన చిన్న గిన్నె ఉంది.

"గుండిగలో కూర నీకు వద్దులే. అది మామూలుగా కోసిన కోళ్ళది. నీకు వేరే చేయించా. రాత్రి డ్యూటీ దిగి, పొద్దున్నే మసీదు కాడ సాయిబు చేత హలాల్‌గా కోయించా, నేనే దగ్గరుండి. గిన్నె కూడా కొత్తదే. నమ్మి తిను."

ప్లేటులో అన్నం పెట్టి, కోడికూర వేసింది. మౌలాలీ ఆ ముక్కల వంక చూశాడు. ఎవరు కోశారో చూస్తే తెలిసేది కాదు, నాలుకకూ తెలియదు. చెప్పకుండా గుండిగలోంచి తీసి పెట్టినా ఆయన లొట్టలు వేసుకుంటూ తినేవాడే. ఎవరూ అడగకుండా, ఎవరూ కనుక్కోలేని చోట, రాత్రంతా డ్యూటీ చేసొచ్చిన ఈ పిల్ల పొద్దున్నే మసీదు దాకా పోయింది. శాలువా కప్పినప్పటి సిగ్గు పైపైన పాకింది. ఇది గొంతులోంచి కడుపులోకి దిగింది. కలిపిన ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"అమ్మా, ఆ చెక్క మీ నాన్నది కాదు," అన్నాడు.

ఫిలోమినాకు అర్థం కాలేదు.

"మీ పలకలు ఎండలో పెట్టి నేనే చెడగొట్టా. ఏడాది ఆగాల్సిన చెక్క. నాకు తెలుసు. గొప్పకి పోయి ఒప్పుకున్నా. ఇది మిల్లులో కొన్నది. ముక్కలు పొయ్యిలోకి పోయినయ్యన్నది గూడా అబద్ధమే. కొట్టులో ఉన్నయ్."

ఆ పిల్ల గరిటె గిన్నెలో పెట్టేసింది. అటు వరసల్లో ఎవరో పెరుగు అడుగుతున్నారు. తిడుతుందని మౌలాలీ ఎదురుచూశాడు. తిడితే బాగుండును. శాలువా లాగి అవతల పారేసినా బాగుండును. ఆమె మాత్రం తల్లి ఎక్కడుందో చూసుకుంది.

"ఇంకెవరికన్నా చెప్పావా?"

"ముంతాజ్‌కి తెలుసు. మీ అమ్మకి ఇప్పుడే చెప్తా. కాళ్ళ మీద పడతా."

"ఎందుకు? నీ మనసు తేలికపట్టానికా?" గొంతు పెంచలేదు ఫిలోమినా. "నాన్న పోయినకాణ్ణించి అమ్మ నవ్వలా. ఇయ్యాల నవ్వింది, చూశావుగా. నీ బరువు తెచ్చి ఆమె నెత్తిన పెట్టమాక. నువ్వే మొయ్యి."

మౌలాలీ చేతిలోని ముద్దను ప్లేటులో పెట్టేశాడు.

"తిను. చల్లారిపోద్ది," అంది.

ఇంతలో రాహేలమ్మ గిటారును చంటిబిడ్డలా రెండు చేతుల్లో ఎత్తుకుని నెమ్మదిగా నడిచి వచ్చింది. ఎదురుగా కుర్చీ లాక్కుని, దాన్ని ఒళ్ళో పడుకోబెట్టుకుంది.

"మొహమాటపడకుండా తిను తమ్ముడూ," అంది. "నిన్నో మాట అడుగుదామని వచ్చా. మా చెట్టుకి వంకరకొమ్మ ఒకటి ఉండేది. ఆయన పనికాణ్ణించి రాంగానే చొక్కా దానికే తగిలిచ్చేవోడు. ఇది ఆ కొమ్మ దగ్గర చెక్కా, లేపోతే మొదట్లోదా?"

మౌలాలీ ఫిలోమినా వైపు చూశాడు. ఆ పిల్ల కళ్ళు తిప్పుకోలేదు, సాయమూ చెయ్యలేదు.

"కొమ్మ దగ్గరదే అక్కా," అన్నాడు.

రాహేలమ్మ చెక్కను అరచేత్తో నిమిరి, ఒకచోట ఆగి, అక్కడ కొంచెం ఎత్తుగా తగులుతోంది కదా అని అడిగింది. అంగుళం అంగుళం తనే నునుపు చేసిన చెక్క అది. ఎక్కడా ఎత్తు లేదు.

"అవునక్కా, తగులుతోంది," అన్నాడు మౌలాలీ.

ఆమె తృప్తిగా తలాడించి, తమ్ముడికి ఇంకో ముక్క వెయ్యమని కూతురితో చెప్పింది. ఫిలోమినా వేసింది. మౌలాలీ తల వంచుకుని తిన్నాడు.