బర్మా సీతమ్మ కూతురు

కోటబొమ్మాళిలో రైలు దిగి "కథల టీచరమ్మ ఇల్లెక్కడ?" అని అడిగితే ఎవరైనా దారి చూపిస్తారు. ధనలక్ష్మి టీచర్ రాసిన పిల్లల పుస్తకాలు లేని బడి ఆ చుట్టుపక్కల లేదు. అయితే పదేళ్లు వచ్చేదాకా ఆవిడకు తెలుగు అక్షరం ఒక్కటీ రాదు.

పుట్టింది బర్మాలో, మౌల్మీన్‌లో. తండ్రి జగన్నాధం అక్కడ బియ్యం మిల్లులో పనిచేస్తూ ఖిన్ మే అనే బర్మా అమ్మాయిని పెళ్లాడాడు. అరవై నాలుగులో పరాయివాళ్లకు అక్కడ బతుకు లేకుండా పోయాక, భార్యనూ కూతుర్నీ తీసుకుని ఓడెక్కి సొంతూరు వచ్చేశాడు. ఊళ్లోవాళ్లకు నోరు తిరగక ఖిన్ మే కాస్తా బర్మా సీతమ్మ అయింది.

"ఇంట్లో ఆ బాస మాట్లాడకండి. బడిలో పిల్లని ఏడిపిస్తారు" అన్నాడు జగన్నాధం.

ఆ రోజు నుంచి ఖిన్ మే కూతురితో వచ్చీరాని తెలుగులోనే మాట్లాడింది. కథలూ అందులోనే చెప్పింది.

అక్షరాలు రావని బడిలో ధనలక్ష్మిని ఒకటో తరగతిలో కూర్చోబెట్టారు. చుట్టూ ఐదేళ్ల పిల్లలు, మధ్యలో పొడుగ్గా తను. సిగ్గుతో తలెత్తేది కాదు. ఒకరోజు మాస్టారు రాలేదు. పిల్లలు ఏడుపు లంకించుకున్నారు. ఏం చేయాలో తోచక, ఎండిపోయిన ఊరికి వీపు మీద వాన మోసుకెళ్లిన తాబేలు కథ ఎత్తుకుంది. "తాబేలు వచ్చాడు, ఏరు లేచాడు" అంటూ తల్లి చెప్పినట్టే చెప్పింది. పిల్లలు పడీపడీ నవ్వారు. మర్నాడు వాళ్లే చుట్టూ చేరి "మల్లీ సెప్పే" అన్నారు.

తర్వాత తనే టీచరయింది. ఆ కథలన్నీ రాసింది. విజయనగరంలో మొదటి పుస్తకం అచ్చయ్యేటప్పుడు ఎడిటర్ "ఏరు లేచింది" అని దిద్దితే, ప్రూఫుల్లో మళ్లీ "లేచాడు" అని మార్చి పంపింది. పుస్తకం అచ్చయి వచ్చిన రోజున ఖిన్ మే దాన్ని అటూ ఇటూ తిప్పి, తాబేలు బొమ్మ చూసి, పప్పుల డబ్బా పక్కన పెట్టుకుంది. చదవడం ఆవిడకు రాదు.

ధనలక్ష్మి తండ్రీ, ఆ తర్వాత భర్తా పోయాక ఇంట్లో మిగిలింది తల్లీ కూతుళ్లే. తొంభై దాటిన ఖిన్ మే కిందటి వానాకాలంలో కాలు జారి పడింది. ఆస్పత్రి నుంచి వచ్చాక ఆవిడ నోటి నుంచి తెలుగు జారిపోవడం మొదలైంది. ముందు ఇరుగుపొరుగు పేర్లు పోయాయి. తర్వాత అన్నం, నీళ్లు అనే మాటలు. శివరాత్రి నాటికి బర్మా భాష ఒక్కటే మిగిలింది. ధనలక్ష్మికి అది ఎప్పుడో పోయింది.

ఖిన్ మే ఏదో రెండు ముక్కలు అని ఆగేది. కూతురి మొహంలోకి చూసేది. మళ్లీ అవే మాటలు, మళ్లీ ఆగడం.

"ఏటమ్మా? నొప్పెడతన్నాదా? దాహమా?"

నీళ్లిచ్చినా, దుప్పటి కప్పినా అది కాదు. చివరికి ఖిన్ మే కళ్లనీళ్లతో గోడ వైపు తిరిగిపోయేది. తల్లి మాటలతో పుస్తకాలు నింపిన మనిషి, ఆ తల్లికి ఏం కావాలో తెలియక వంటింట్లోకి వెళ్లి ఏడ్చేది.

ఆమదాలవలసలో సూరయ్య అనే ముసలి టైలర్ ఉన్నాడు. ఆయనా బర్మా నుంచి వచ్చినవాడే. పెద్దయ్యాక రావడంతో భాష మర్చిపోలేదు. ధనలక్ష్మి కబురు పెడితే మధ్యాహ్నం రైలుకు వచ్చి మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. ఖిన్ మే రెండు ముక్కలు చెప్పి ఆగింది. సూరయ్య కళ్లజోడు తీసేశాడు.

"ఏటంతన్నాది అన్నా? నొప్పా?"

"నొప్పి కాదమ్మా. కత సెప్తన్నాది."

"కతా?"

"ఔను. పడవ నడిపే ముసిల్ది ఒకర్తె ఉన్నాదంట. రెండు మాటలు సెప్పి, వింతన్నావో లేదోనని నీకాసి సూస్తన్నాది. ఆ బాసలో పాపా, పాపా అంతన్నాది. నువ్వేమో ఊ కొట్టవు."

ధనలక్ష్మి మంచం పట్టె మీద కూర్చుని తల్లి చెయ్యి పట్టుకుంది. ఖిన్ మే మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంది. ఆగింది.

"ఊఁ" అంది ధనలక్ష్మి.

ముసలి మొహం విప్పారింది. కథ ముందుకు కదిలింది. అర్థం చెప్పబోయిన సూరయ్యను ధనలక్ష్మి చేత్తో వారించింది. ఎండ గుమ్మం దిగేదాకా ఆ కథ సాగింది. తల్లి నిద్రపోయాక సూరయ్య తెలుగులో చెప్పాడు. ధనలక్ష్మి రాసిన ఏ పుస్తకంలోనూ లేని కథ అది.

"రాస్తావా సెల్లీ?"

"ఇప్పుడు కాదన్నా. ముందు యిననీ."

ఆ తర్వాత రోజూ ఖిన్ మే చెప్పేది, కూతురు ఊ కొట్టేది. ఆదివారాలు సూరయ్య వచ్చి అర్థం చెప్పి వెళ్లేవాడు.

వైశాఖంలో ఒక పొద్దున కథ మధ్యలో ఖిన్ మే గొంతు ఆగింది. కాస్త అలుపు తీర్చుకుంటోంది కాబోలనుకుని ధనలక్ష్మి మరో రెండుసార్లు ఊ కొట్టింది.