దుప్పట్ల కింద కంప్యూటర్

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చిన నెలలోనే అక్కడి జాబ్రియా పేటలోని ఒక ఆస్పత్రి కంప్యూటర్లన్నీ సైనికుల లారీలెక్కి వెళ్ళిపోయాయి. వాటిని చూసుకునే ఇంజినీర్లు అంతకుముందే దేశం దాటారు. ఆ పని తెలిసినవాళ్ళలో మిగిలింది సత్యలక్ష్మి ఒక్కతే. హైదరాబాదులో కంప్యూటర్ చదువు చదివినా ఇక్కడ ఆమెకు దొరికింది టైపిస్టు ఉద్యోగం.

రాయచోటి నుంచి వచ్చి వార్డులు ఊడ్చే రెడ్డెమ్మ ఆమెను బట్టలుతికే గదిలోకి తీసుకుపోయింది. మాసిన దుప్పట్ల గుట్టను పక్కకు లాగింది. కింద ఒక పాత కంప్యూటర్.

"వాళ్ళు మేడ మింద ఉండంగానే ఈడికి తోసుకొచ్చి దాపెట్టినానమ్మా. పనికొస్తాదా?"

"చూద్దాం. మంచి పని చేశావు రెడ్డెమ్మా."

రక్తపరీక్షల యంత్రం సైనికుల కంట పడలేదు. కానీ కంప్యూటర్ లేకుండా అది ఫలితం చెప్పదు. దాని ప్రోగ్రాం ఫ్లాపీలు బీరువాలో ఉన్నాయి. అవి నడవాలంటే ముందు వాటితోపాటే ఉన్న కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాలి. లాబ్ పెద్ద డాక్టర్ బదరియా, కువైటీ, తొందరపడింది.

"యల్లా, కానివ్వు, ఎక్కించెయ్. వార్డులో పిల్లలున్నారు."

"ముందు ఇది తట్టుకుంటుందో లేదో చూడాలి డాక్టర్. లేకపోతే సగంలో ఆగిపోతుంది, ఇప్పుడున్నదీ చెరిగిపోతుంది."

టైపిస్టు కాదనడం డాక్టర్‌కు కొత్త. ఆమె వంక ఒకసారి చూసి, కుర్చీ లాక్కుని కూర్చుంది.

సత్యలక్ష్మి మూత విప్పింది. డిస్కులో చోటుంది. యంత్రం కేబుల్ వెనక సరిగ్గా అమరింది. మెమరీ మాత్రం కావలసినదాంట్లో సగమే. సైనికులు పగలగొట్టి వదిలేసిన కంప్యూటర్ ఒకటి మెట్ల కింద పడి ఉంది. దాని మెమరీ చిప్పులు ఊడదీసి, రకమూ వేగమూ పోల్చి చూసింది. కలిశాయి. జాగ్రత్తగా గుచ్చి స్విచ్ వేసింది. తెర మీద మెమరీ అంకె పెరిగి పెరిగి, కావలసినచోట నిలిచింది.

అప్పుడు ఫ్లాపీ పెట్టింది.

సాయంత్రానికి మొదటి ఫలితం అచ్చయింది. డాక్టర్ బదరియా దాన్ని చదివి, "ఈ పిల్లకు ఇవాళే రక్తమెక్కించాలి" అంటూ కాగితంతో వార్డుకు పరుగెత్తింది. సత్యలక్ష్మి నిటారుగా నిలబడింది.

ఆ వారంలోనే మరో ఆస్పత్రి డాక్టర్ వచ్చాడు. "మా పరీక్షల యంత్రమూ ఆగిపోయింది. మీ ఇంజినీరును ఒక్కరోజు పంపండి" అన్నాడు.

"నేను పంపడమేమిటి? ఆమెనే అడగండి" అంది బదరియా.

ఆయన సత్యలక్ష్మి వైపు తిరిగాడు.

"వస్తాను" అందామె. "రెడ్డెమ్మ కూడా నాతో వస్తుంది."