పేరు పెట్టి చేసిన ప్రార్థన

ఆ దేశం పేరు చెప్పను. ఆ పైలట్ పేరూ చెప్పను. కథ రాస్తూ ఈ దాపరికం ఏమిటని మీకు విసుగు పుడితే పుట్టనివ్వండి. పేరు చెప్పే ఒకసారి ఒకరి కొంప ముంచాను. ఇప్పుడు బుద్ధి వచ్చింది, ఎవరికీ పనికిరాని బుద్ధి.

నా పేరు చెప్పొచ్చు. సుందర్ రాజ్. సొంతూరు నరసాపురం, ఇరవై నాలుగేళ్లుగా అరిజోనాలోని చాండ్లర్‌లో ఉంటున్నాను. మావాళ్లందరూ కంప్యూటర్ చిప్పుల కంపెనీల్లో చేరితే నేను సిమ్యులేటర్ల పనిలో పడ్డాను. సిమ్యులేటర్ అంటే నేల మీద నుంచి కదలని విమానం. లోపల కూర్చున్న పైలట్‌కి మబ్బులు, వాన, రన్‌వే అన్నీ నిజంలాగే కనిపిస్తాయి. బయట అద్దం వెనక కూర్చుని ఆ మబ్బుల్నీ వాననీ పంపించేవాణ్ణి నేను. సిటిజన్‌షిప్ వచ్చాకే ఈ ఉద్యోగం ఇచ్చారు. ఇక్కడ చూసింది ఇంట్లో కూడా చెప్పకూడదని ఏడాదికోసారి కూర్చోబెట్టి క్లాసు పీకి, పరీక్ష పెట్టేవారు. ప్రతి ఏడూ నాకు నూటికి నూరు.

ఆ దేశం చిన్నది. పక్కనే పెద్ద దేశం, అది పన్నెండేళ్ల కిందటే వీళ్ల నేలలో ఒక ముక్క మింగి కూర్చుంది. వీళ్ల దగ్గరున్నవి తాతల నాటి జెట్లు, అవీ ఒకప్పుడు ఆ పెద్ద దేశం ఇచ్చినవే. విడిభాగాలు దొరక్క, ఒకదాన్ని విప్పి ఇంకోదానికి బిగించుకుంటూ నెట్టుకొచ్చారు. పదేళ్లు కాళ్లా వేళ్లా పడితే అమెరికా తను వాడి పక్కన పెట్టిన జెట్లు పన్నెండు ఇస్తానంది. పన్నెండింటికీ పన్నెండు మంది పైలట్లు మా దగ్గరికి శిక్షణకి వచ్చారు. ఇంగ్లీషు పరీక్ష, వైద్య పరీక్ష దాటినవాళ్లు ఆ దేశం మొత్తం మీద అంతమందే. ఒకడు తప్పిపోతే ఆ చోటికి పంపడానికి ఇంకొకడు లేడు. వాళ్లు చొక్కాల మీద పేర్లు కుట్టుకునేవాళ్లు కాదు, నంబర్లే. గ్రూప్ ఫొటో తీసినా మొహాలు మసకబార్చి పంపేవాళ్లు.

వాళ్లలో ఏడో నంబరతన్ని కెప్టెన్ అంటాను. ముప్పై నాలుగేళ్లు, తొమ్మిదేళ్లు పాత జెట్లు నడిపినవాడు. అదే వచ్చిన చిక్కు. విమానం ఎటు ఒరిగిందో చూపించే డయల్ ఒకటి ఉంటుంది. పాత జెట్లలో ఆ డయల్ లోపల బొమ్మ విమానం ఒరుగుతుంది, వెనక నేలకి గుర్తుగా గీసిన గీత కదలదు. అమెరికా జెట్లలో బొమ్మ కదలదు, గీతే ఒరుగుతుంది. ఎండలో ఏ గొడవా లేదు, బయటికి చూస్తే తెలిసిపోతుంది. మబ్బులో దూరితే మాత్రం ఆ డయలే దిక్కు. కంగారు పుట్టగానే అతని చెయ్యి పాత అలవాటు కొద్దీ ఎదురు వైపు తిప్పేసేది. నా అద్దం వెనక నుంచి అతను పదకొండు సార్లు నేలని గుద్దుకోవడం చూశాను. గుద్దుకున్నప్పుడల్లా తెర ఎర్రబడి ఆగిపోతుంది. అతను హెల్మెట్ తీసి, నా సొంత విమానం పాడుచేసినట్టు, సారీ మిస్టర్ రాజ్ అనేవాడు.

గురువారం ఆఖరి పరీక్ష అనగా ముందటి శుక్రవారం, భోజనాల దగ్గర నా ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. ఈసారీ తప్పితే ఇంటికి పంపేస్తారని చెప్పాడు. నీకోసం ప్రార్థన చేస్తానన్నాను. అయితే మా అమ్మ కోసం కూడా చేయమన్నాడు. ఆవిడ ఆ మింగేసిన ముక్కలోనే ఒక ఊళ్లో ఒంటరిగా ఉందట. కొడుకు ఎక్కడో ఓడల్లో కూలి పని చేస్తున్నాడని ఇరుగుపొరుగుకి చెప్పుకుని బతుకుతోందట.

నేను ఊరుకోవచ్చుగా? ఊరుకోలేదు. పేరేమిటని అడిగాను. మా తెలుగు చర్చి సంఘంలో పేరు లేకుండా ప్రార్థన చేయరు. ఫలానా సహోదరుడు, ఫలానా తల్లి, ఫలానా ఊరు అని పేరుపేరునా అడిగితేనే దేవుడికి ముట్టినట్టు మాకు. అతను అటూ ఇటూ చూసి, తన పేరూ అమ్మ పేరూ ఊరి పేరూ గొంతు తగ్గించి చెప్పాడు.

ఆదివారం ఆరాధనలో ప్రార్థన విన్నపాలు ఉంటే చెప్పమని పాస్టర్ గారు అడగగానే లేచాను. అతని పేరు, దేశం, తల్లి పేరు, ఊరు, గురువారం పరీక్ష, అన్నీ చెప్పాను. భారంతో ప్రార్థించండి అన్నాను, మనసంతా పెట్టి చేయమని. నూటికి నూరు తెచ్చుకున్నవాడివి, నోరెలా వచ్చిందని అడుగుతారేమో. ఆఫీసులో ఎవరితోనూ అనలేదు, ఇంగ్లీషులో ఒక్క ముక్క అనలేదు. తెలుగులో చెబితే బయట చెప్పినట్టు కాదని నా నమ్మకం. కాస్ట్‌కో స్టోరు లైన్లో ముందు నిలబడ్డాయన గురించి అతని వెనకే నిలబడి నేనూ మా ఆవిడ లూసీ మాట్లాడుకుంటాం. డాక్టర్ గురించి డాక్టర్ ఎదుటే మాట్లాడుకుంటాం. ఇరవై నాలుగేళ్లుగా తెలుగు మాకు తలుపేసుకున్న గది.

ఆరాధన యూట్యూబ్‌లో లైవ్ వస్తుందని నాకు తెలియక కాదు. నరసాపురంలో మా అత్తగారు చూస్తుందని ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వెళ్లాను.

గురువారం కెప్టెన్‌కి ఉన్నవాటిలోకెల్లా దట్టమైన మబ్బు పంపించాల్సి వచ్చింది. జెట్ ఎడమకి ఒరిగింది. చెయ్యి ఒక్క క్షణం తడబడింది. తర్వాత సరైన వైపే తిరిగింది. రన్‌వే మీద దిగాక అతను హెల్మెట్ తీసి, అద్దం వైపు చూసి నవ్వాడు. నేను కుర్చీలోనే ఏడ్చేశాను.

ఆ ఆదివారం మళ్లీ లేచి, ప్రార్థన ఫలించిందని సాక్ష్యం చెప్పాను. మళ్లీ అవే పేర్లు. సంఘం చానెల్ చూసుకునే జూడ్ ఆ అయిదు నిమిషాలూ విడిగా కత్తిరించి పెట్టాడు. జనం వెతికితే దొరకాలని కెప్టెన్ పూర్తి పేరు, దేశం పేరు ఇంగ్లీషు అక్షరాల్లో పైన రాశాడు. మా వీడియోలు నలభై మంది చూస్తే గొప్ప. దీన్ని పది రోజుల్లో మూడు వేల మంది చూశారు. "అంకుల్, మీ టెస్టిమనీ బాగా వెళ్తోంది," అని జూడ్ సంబరపడ్డాడు. నేనూ పడ్డాను. ఆ మూడు వేల మందీ ఎవరని మాలో ఒక్కరికీ అనుమానం రాలేదు.

వీడియో పెట్టిన మూడో వారం, రోజూ సాధనకి వచ్చే కెప్టెన్ సిమ్యులేటర్ దగ్గరికి రాలేదు. సెక్యూరిటీ ఆఫీసరమ్మ నన్ను గదిలోకి పిలిచింది. బల్ల మీద లాప్‌టాప్‌లో నా మొహం, నా ఇస్త్రీ చొక్కా. కింద నా తెలుగు దానంతటదే ఇంగ్లీషై నడుస్తోంది. భారంతో ప్రార్థించండి అన్నదాన్ని ఏదో బరువులు మోయమన్నట్టు రాసింది మెషీను. తల్లి పేరు, ఊరి పేరు మాత్రం అక్షరం పొల్లు పోకుండా రాసింది. జూడ్ టెస్టిమనీ అన్నదాన్ని ఆఫీసరమ్మ ఎవిడెన్స్ అంది. మన భాషలో రెండింటికీ ఒకటే మాట, సాక్ష్యం.

కెప్టెన్ తల్లిని ఆ పెద్ద దేశం వాళ్లు ఇంట్లోంచి తీసుకుపోయారు. రెండు రోజుల తర్వాత ఆవిడ ఫోన్ నుంచే అతనికి కాల్ వచ్చింది. మాట్లాడింది ఆవిడ కాదు. జెట్ ఎక్కితే ఆవిడ ఉండదని చెప్పారు. అతను దాచకుండా తన పైవాళ్లకి చెప్పాడు. తల్లి శత్రువు చేతిలో ఉన్న పైలట్‌కి జెట్ ఎవరిస్తారు? వాళ్ల దేశమే అతన్ని ఆపేసింది.

నా ఉద్యోగం ఆ రోజుతో సరి. దాని గురించి నాకు చింత లేదు, పోవాల్సిందే. ఇంటికొచ్చి లూసీకి చెప్పాను.

"మనం ప్రేయర్ రిక్వెస్టే కదండీ పెట్టాం? అందులో తప్పేముంది?" అంది. కళ్లు తుడుచుకుని ఫోన్ తీసింది. "ఆ తల్లి విడుదల కోసం మన వాట్సాప్ గ్రూపులో పెడతాను. అందరూ ఫాస్టింగ్ ప్రేయర్ చేస్తారు."

వద్దని అరిచి, ఆ ఫోన్ లాక్కుని విసిరి కొట్టాను. పెళ్లైన ముప్పై ఏళ్లలో ఆమె మీద అరిచింది అదే మొదలు. ఆమెననడానికి నాకేం మొహం ఉంది? ఆమె చేయబోయింది నేను చేసిందే.

జూడ్ వీడియో తీసేశాడు. అప్పటికే దాన్ని ఎవరెవరో కాపీ చేసి పెట్టుకున్నారు.

బ్యాడ్జి అప్పగించడానికి వెళ్లిన రోజు మధ్యాహ్నం కెప్టెన్ గేటు బయట కనిపించాడు. పక్కన ఒక్క పెట్టె. ఎయిర్‌పోర్టు వ్యాను కోసం నిలబడ్డాడు. ఎండ నూట పది ఫారన్‌హీట్ దాటింది, అతను నీడలోకి కూడా జరగలేదు. నేను దగ్గరికి వెళ్లి సారీ అన్నాను. నాకు అతను పదకొండు సార్లు చెప్పిన మాట. అంతకన్నా నా దగ్గర ఏమీ లేదు.

"మీరు అడిగారని చెప్పాను," అన్నాడు. గొంతులో కోపం లేదు, ఉంటే బాగుండేది. "పన్నెండేళ్ల తర్వాత మా అమ్మ పేరు పైకి అన్నాను."

అమ్మ కబురు ఏమైనా తెలిసిందా అని అడిగాను. లేదని తల ఊపాడు. వ్యాను వచ్చింది. పెట్టె లోపల పెట్టి, మళ్లీ నా వైపు తిరిగాడు.

"ఒక్కటి అడుగుతాను, మిస్టర్ రాజ్. ఇక మా కోసం ప్రార్థన చేయకండి. మా పేర్లు ఎక్కడా అనకండి. మీ దేవుడి దగ్గర కూడా."

అననని మాటిచ్చాను.

చలికాలంలో ఆ జెట్లు సముద్రం దాటి వెళ్లాయి. వాళ్ల జెండా రంగులు వేసినవి పన్నెండు, ఎగిరినవి పదకొండు. పన్నెండోది ఇక్కడే ఎడారిలో ఒక షెడ్డులో ఉందని మా పాత ఆఫీసతను చెప్పాడు. ఆ తల్లి సంగతి ఎవరూ చెప్పలేదు. ఎవర్ని అడగాలన్నా ఆవిడ పేరు చెప్పాలి.

పొద్దున అయిదింటికి లేచి మోకరించడం నాకు మా నాన్న చేసిన అలవాటు. ఇప్పుడూ మోకరిస్తాను. పిల్లల పేర్లు, లూసీ పేరు, సంఘంలో జబ్బుగా ఉన్నవాళ్ల పేర్లు చెబుతాను. పళ్లు బిగబట్టుకుంటాను. ఆమేన్ అనడానికి నోరు తెరుస్తానా, ఆ రెండు పేర్లూ ముందు వచ్చేస్తాయి. అతను నన్ను కోరింది ఒక్కటే. అది కూడా చేయలేకపోతున్నాను.